మా అత్తయ్య చూసిన గుర్రాల సంబంధాలు

మా అత్తయ్య గుర్రాలకు సంబంధాలు చూసేది. అవి నిజం గుర్రాలు కావు, కంప్యూటర్‌లో ఆట గుర్రాలు. అయినా ఆవిడ చూసే పద్ధతిలో తేడా ఏమీ ఉండేది కాదు.

ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కొత్త రోజులవి. బెంజ్ సర్కిల్ వెనక వీధిలో మా అద్దె వాటా. ముందు గదిలో కిటికీ పక్కన కంప్యూటర్ పెట్టించాడు మా ఆయన. మా ఆయనంటే మా బావే. మాది మేనరికం. అత్తగారంటే నాన్నకు సొంత చెల్లెలు, నేను పుట్టినప్పటి నుంచీ నాకు అత్తయ్యే. అందుకే మా మధ్య అత్తాకోడళ్ళ మర్యాదలు ఎప్పుడూ కుదరలేదు. బావకు కొండపల్లి దగ్గర థర్మల్ కేంద్రంలో షిఫ్టుల ఉద్యోగం. ఆయన బస్సెక్కి, నాలుగేళ్ళ మా అమ్మాయి స్కూలు ఆటో ఎక్కాక ఇంట్లో మేమిద్దరమే మిగిలేవాళ్ళం.

ఆ ఆట నాకు పాప వల్లే దొరికింది. గుర్రం బొమ్మలు చూపించమని అది మారాం చేస్తే వెతుకుతూ వెతుకుతూ ఒక చోట ఆగాను. చేరిన వాళ్ళకు ఒక చిన్న గుర్రాల శాల, నాలుగు గుర్రాలు ఇస్తారు. మగదాన్నీ ఆడదాన్నీ జత కలిపితే రెండు రోజుల్లో పిల్ల పుడుతుంది. ఏ రంగు పిల్ల పుడుతుందో ముందే చెప్పగలగడమే అందులో గొప్ప. ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో అరుదైన రంగుల కోసం పోటీలు పడుతుండేవాళ్ళు. నేను డిగ్రీలో చదివింది జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం. బఠానీ మొక్కల పాఠం పరీక్ష రాసిన మర్నాడే మర్చిపోయానని అనుకున్నాను గానీ, ఆటలో గుర్రాల జన్యువులకు వాడే ఆ పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ చూడగానే చేతికి పెన్ను కావాలనిపించింది. పాల ప్యాకెట్ల లెక్క రాసుకునే నోటుపుస్తకం వెనక పేజీల్లో గళ్ళు గీసి, తండ్రివి పైన, తల్లివి పక్కన రాయడం మొదలుపెట్టాను.

అత్తయ్య బియ్యంలో రాళ్ళేరుతూ నా వెనక కుర్చీ వేసుకుని కూర్చునేది.

"ఆ నల్లోడికి ఎన్ని పెళ్ళిళ్ళే?"

"పదకొండు, అత్తయ్యా."

"సిగ్గు లేకపోతే సరి."

ఒకరోజు నల్ల గుర్రానికీ నల్ల గుర్రానికీ ఎర్ర పిల్ల పుట్టింది. అత్తయ్య చాట కింద పెట్టేసింది. "ఇద్దరూ బొగ్గుల్లా ఉన్నారు. ఈ ఎర్రది ఎవరి పోలికే?" అని గొంతు తగ్గించి మరీ అడిగింది, పక్కవాటా వాళ్ళు వింటారేమోనని. అప్పుడు చెప్పాను. గుర్రాలకు అసలు రంగులు ఎరుపూ నలుపూ రెండే. మిగతావన్నీ వాటి మీద పూతలు. నలుపు పెద్ద గొంతుది, ఎరుపు నోరు లేనిది. ఒక్క నలుపున్నా చాలు, గుర్రం నల్లగానే కనపడుతుంది; ఎరుపు లోపల దాక్కుని ఉంటుంది. రెండు నల్ల గుర్రాల్లో దాక్కున్న ఎరుపులు రెండూ ఒక పిల్లలో కలిస్తే అది ఎర్రగా పుడుతుంది. తల్లి తప్పేమీ లేదు.

"పోన్లే పాపం," అంది అత్తయ్య ఊపిరి వదిలి.

బంగారు రంగు సంగతి ఆవిడే నాకంటే బాగా చెప్పింది. ఎర్ర గుర్రానికి తల్లిదండ్రుల్లో ఒక వైపు నుంచి పూత అందితే బంగారు రంగు, తెల్ల జూలు వస్తుంది. రెండు వైపుల నుంచీ అందితే నీలికళ్ళతో మీగడ రంగు వస్తుంది. "దానికింత చదువెందుకే? డికాక్షన్‌లో ఒక గరిటె పాలు పోస్తే ఒక రంగు, రెండు గరిటెలు పోస్తే ఇంకో రంగు," అంది. ఆ తర్వాత నా పుస్తకంలో ఆ పూతకు అక్షరం రాయడం మానేసి గరిటె బొమ్మ వేసుకున్నాను.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ మా అత్తయ్యకు చుట్టరికాలంటే ప్రాణం. ఏ గుర్రం ఎవరికి పుట్టిందో నాలుగు తరాలు ఆట చూపించేది, ఆవిడ అది చూడకుండానే చెప్పేది. నేను రంగు కోసం జత కలపబోతే వరస కోసం అడ్డుపడేది.

"ఆగాగు. వీళ్ళిద్దరి తండ్రులూ అన్నదమ్ములు కదే. అన్నాచెల్లెళ్ళవుతారు. తప్పు."

"గుర్రాలకు తప్పేంటి అత్తయ్యా?"

"గుర్రాలకు తెలీదు సరే, నీకు తెలీదూ? అదిగో, ఆ మచ్చల పిల్ల ఉందిగా. దాని మేనత్త కొడుకు ఖాళీగానే ఉన్నాడు. బంగారం లాంటి మేనబావ ఇంట్లో ఉండగా బయట సంబంధమెందుకు?"

రక్తం లెక్కలో బాబాయి కొడుకూ మేనత్త కొడుకూ ఒకటేనని నాకు తెలుసు. అయినా ఆవిడ మాట కాదనలేక నవ్వుతూ అన్నీ మేనరికాలే చేశాను. మా శాలలో పరాయి గుర్రమే లేకుండా పోయింది.

అప్పటికి నాకు రెండోసారి నెల తప్పి నాలుగో నెల. మొదటి కాన్పుకు చూసిన డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళేవాళ్ళం. కేసు షీటు రాసే రోజున ఆవిడ, "మేనరికమా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య, "అబ్బే, దూరపు చుట్టరికమండీ," అనేసింది. బయటికొచ్చాక నేనేమీ అడగలేదు. మొదటి కాన్పప్పుడూ అదే అంది, పాప చక్కగా పుట్టింది. చాలామంది అలాగే చెబుతారులే అనుకున్నాను.

ఇంతలో మా అమ్మాయి తెల్ల బుజ్జి గుర్రం కావాలని కూర్చుంది. మీగడ రంగుది పుట్టించి చూపిస్తే, "ఇది తెలుపు కాదు, బిస్కట్ రంగు," అని తోసేసింది. పెరిగాక తెల్లబడే గుర్రాలున్నాయి గానీ అవి పుట్టడం నల్లగానో ఎర్రగానో పుడతాయి, అంతవరకు ఆగే ఓపిక దానికి లేదు. అప్పుడు అత్తయ్య మచ్చల పిల్లకు సంబంధం ఖాయం చేసింది. పక్కల మీద తెల్లమచ్చలతో ముచ్చటగా ఉండేదది. మేనబావకు ముఖమ్మీద తెల్ల నామం తప్ప వేరే మచ్చ లేదు. రెండు రోజుల తర్వాత పొద్దున్నే పాలపిట్టలా పాప అరిచింది. పాలలో ముంచి తీసినట్టు, మచ్చుకైనా వేరే రంగు లేని పిల్ల!

అత్తయ్య ఆ రోజు సేమ్యా పాయసం చేసింది. "చూశావా, మేనరికం మహిమ," అంది నా వైపు గరిటె చూపించి.

మర్నాడు తెరిస్తే ఆ పిల్ల లేదు. దాని చోట ఒక వాక్యం: పిల్ల బతకలేదు.

ఆటలో పొరపాటేమో అనుకుని సహాయం పేజీ తెరిచాను. పొరపాటు కాదు. ఆ పక్కల మచ్చలు ఒక వైపు నుంచి వస్తే అందం. రెండు వైపుల నుంచీ వస్తే పిల్ల తెల్లగా పుడుతుంది, దాని పేగులు పనిచేయవు. నిజం గుర్రాల్లోనూ అంతే. ఆ లక్షణం ఉన్నా కొన్నింటికి మచ్చలే సరిగా పడవట. ముఖం మీద నామం తప్ప ఏమీ లేని మేనబావ అలాంటివాడే. ఇద్దరికీ అది వచ్చింది ఒకే తాత నుంచి. జత కలిపే ముందు పరీక్ష చేయించుకోవడానికి ఒక బటన్ ఉంది. రోజూ చూస్తున్నాను. నొక్కలేదు.

పాపకు గుర్రం వాళ్ళమ్మమ్మ ఊరెళ్ళిందని చెప్పాను. ఆ వారమంతా చెయ్యి పొట్టమీద పెట్టుకుని, మా ఇద్దరి తాత ఒక్కడేనన్న సంగతి పదే పదే గుర్తు చేసుకున్నాను. నోటుపుస్తకంలో గళ్ళు గీసి, పైన బావనూ పక్కన నన్నూ రాశాను. గళ్ళల్లో ఏమి నింపాలో తెలియదు.

ఆ పేజీ అత్తయ్య కంటబడింది. ఆవిడకు ఆ గళ్ళు చదవడం వచ్చేసిందని నేను గమనించలేదు.

"ఇదేంటే? నిన్నూ వాణ్ణీ గుర్రాల పుస్తకంలో రాశావు?"

ఏడుపొచ్చేసింది. "డాక్టరు గారికి అబద్ధమెందుకు చెప్పావు అత్తయ్యా?"

ఆవిడ చీర చెంగుతో కంప్యూటర్ మీద లేని దుమ్ము తుడిచింది. తర్వాత చెప్పింది. నాన్నకూ తనకూ పైన ఒక అక్క ఉండేదట. చిన్నప్పుడే పోయిందని మాత్రమే నాకు తెలుసు. ఆమెకు పుట్టుకతోనే వినపడదని, అందుకే మాటలు రాలేదని ఇంట్లో ఎవరూ నాతో అనలేదు. తాతయ్యదీ నాయనమ్మదీ మేనరికమే.

"మీ నాన్నా నేనూ దాంతో చేతులూపి మాట్లాడుకునేవాళ్ళం. ఎంత నవ్వించేదో! మీ పెళ్ళప్పుడు గుర్తొచ్చింది. నోరు మూసుకున్నా. నువ్వు మా ఇంటికి రావాలని నా ఆశ," అంది. "పద. చెప్పేద్దాం."

"ఇప్పుడా? చీర మార్చుకోవద్దూ?"

"నా చీరకేం? పద."

డాక్టరమ్మ కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ తెల్లకాగితం తీసి, "మొదట్నుంచీ చెప్పండమ్మా," అంది. మా అత్తయ్య మొదలుపెట్టింది. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరు ఏ ఊరి అల్లుడు, ఎవరికి ఎందరు పిల్లలు, ఎవరు పురిట్లో పోయారు, ఎవరికి ఏ జబ్బు. ముత్తాతల దాకా వెళ్ళింది. డాక్టరమ్మ మగవాళ్ళకు చదరాలు, ఆడవాళ్ళకు సున్నాలు వేస్తూ, కాగితం చాలక ఇంకోటి అతికించింది.

"అమ్మా, మీలాగా చెప్పేవాళ్ళు నాకు దొరకరండీ. ఇంతకీ మొదటిసారే ఇది చెప్పి ఉంటే?"

"బుద్ధి గడ్డి తిందండీ," అంది అత్తయ్య తల వంచుకుని.

వినపడని ఆ పెద్దత్త పేరుమీద సున్నాను నల్లగా నింపి, డాక్టరమ్మ నాతో చెప్పింది: బిడ్డ చక్కగా పెరుగుతోంది, భయపడాల్సింది పెద్దగా లేదు. వినికిడి మాత్రం స్కానింగ్‌లో తెలియదు. పుట్టాక పరీక్ష చేయిద్దాం. ఒకవేళ తేడా ఉన్నా, ముందే తెలిస్తే చేయగలిగింది చాలా ఉంటుంది.

ఇంటికొచ్చి గళ్ళు నింపాను. పెద్దత్త లోపం అలా దాక్కుని వచ్చేదే అయితే, అది నాన్నలో దాక్కుని ఉండే అవకాశం మూడింట రెండు. నాదాకా రావడానికి అందులో సగం, మూడింట ఒకటి. బావకూ అంతే. ఇద్దరిలో ఉన్నా, రెండూ ఒకే బిడ్డకు చేరడం నాలుగింట ఒకటి.

"ముప్పై ఆరింట ఒకటి, అత్తయ్యా."

"అంటే ముప్పై అయిదు మంచివే కదే! పెద్దదాన్ని చూడు. వంటింట్లో చాక్లెట్ కాగితం విప్పితే మేడ మీద నుంచి దిగొస్తుంది."

ఆవిడ అలా తేల్చేసింది గానీ నాకు ఆ ఒకటే కనపడేది. మిగతా అయిదు నెలలూ ఆ ఒక్క గడినే చూస్తూ గడిపాను. గుర్రాలకు మాత్రం అత్తయ్యే బయట సంబంధాలు వెతికింది. పొరుగు దేశపు ఆమె ఎవరో తన మగ గుర్రాన్ని ఇస్తానంటే, "ముందు పరీక్ష కాగితం చూపించమను," అని నా చేత ఇంగ్లీషులో రాయించింది.

రెండోది కూడా ఆడపిల్లే. గట్టిగా ఏడ్చింది. ఏడవడానికి చెవులతో పని లేదని నాకు తెలుసు కాబట్టి, ఆసుపత్రి మంచం మీద నుంచే చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాను. ఒకసారి ఉలిక్కిపడేది, ఒకసారి పడేది కాదు. నర్సు వచ్చి, "పడుకున్న పిల్లను లేపుతారేంటండీ?" అని కేకలేసింది. ఇంటికొచ్చాక అత్తయ్యా అదే అంది. "పసిగుడ్డును వేధించకే. నాకేం భయం లేదు. నువ్వూ పెట్టుకోకు."

పరీక్ష ముందు రోజు మధ్యాహ్నం స్నానం చేసి వస్తూ గుమ్మం దగ్గర ఆగిపోయాను. అత్తయ్య ఉయ్యాల వెనక గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో బీరువా తాళాల గుత్తి. ఎడమ చెవి వైపు ఆడించి, తొంగి చూసి, కుడి చెవి వైపు ఆడించింది. పిల్ల ఆవలించింది. అత్తయ్య పెదవులు కదులుతున్నాయి, దణ్ణమో, వాళ్ళక్కతో మాట్లాడుతోందో. నేను చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళి, దగ్గి, మళ్ళీ వచ్చాను. తాళాలు బొడ్లో దోపుకుని, "ఉయ్యాల బిగించా, వదులైంది," అంది.

మర్నాడు పరీక్ష గదిలో పిల్ల చెవిలో బఠానీ గింజంత గొట్టం పెట్టారు. యంత్రం చూసే అమ్మాయి ఒక చెవి అయ్యాక తలూపింది. రెండో చెవికి పిల్ల కాళ్ళు తన్నుకుంది, మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. అత్తయ్య నా భుజం పట్టుకున్న చోట ఆవిడ గోళ్ళు దిగాయి.

"రెండూ బాగున్నాయండీ," అంది ఆ అమ్మాయి.

"ఇంకోసారి చూడమ్మా," అంది అత్తయ్య.

"బాగున్నాయి మామ్మగారూ, నిజంగా!"

బయటికొచ్చి, వరండాలో నిలబడి బావకు ఫోన్ చేశాను. ఆయన ప్లాంటులో ఉన్నాడు. వెనక యంత్రాల హోరు.

"బావా, పాపకు వినపడుతోంది!"

"ఏంటీ? వినపడట్లేదు!"

"పాపకు! రెండు చెవులూ! వినపడుతున్నాయి!"

"ఏమీ వినపడట్లా! గట్టిగా చెప్పు!"

అత్తయ్య నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, వరండాలో వాళ్ళందరూ తిరిగి చూసేలా, "ఒరేయ్! నీ కూతురికి వినపడుతోందిరా, నీకే వినపడి చావట్లేదు!" అని అరిచింది. నా భుజం మీద పడుకున్న పిల్ల ఒళ్ళంతా ఉలిక్కిపడి, కళ్ళు తెరిచి, ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడుపు లంకించుకుంది. మేమిద్దరం దాన్ని ఊరుకోబెట్టకుండా అలాగే చూస్తూ నిలబడ్డాం.