గొడుగులవాడి దగ్గర మా నాయన నేర్చిన అమ్మకం

మొన్న ఆదివారం మా మనవరాలు చెన్నై నుంచి వచ్చి, ఫోను నా ముందు పెట్టి, "అవ్వా, ఇది విను" అంది. అది నీళ్ళు శుద్ధిచేసే యంత్రాలు అమ్మే కంపెనీలో పనిచేస్తోంది. ఫోనులో ఒకాయన ఏదో హాస్యపు సినిమా ముక్కలు చూపిస్తూ, సరుకు ఎలా అమ్మాలో, మనిషి ఎలా ఎదగాలో బోధిస్తున్నాడు. సినిమాలోంచి అమ్మకం నేర్చుకోవడం కొత్త సంగతని దాని ఉద్దేశం. కొత్తేమీ కాదే అన్నాను. మా నాయన ఆ పని పంతొమ్మిదివందల నలభై ఆరు వేసవిలోనే చేశాడు. మా తమ్ముడు నలభై ఏడు అంటాడు గానీ, వాడు అప్పటికి ఉయ్యాల్లో ఉన్నాడు, వాడి సాక్ష్యం చెల్లదు.

ఆ ఏడాది నాయన తిరుపతిలో, స్టేషన్ నుంచి బజారుకు వెళ్ళే దారిలో ఇత్తడి సామాన్ల అంగడి పెట్టాడు. అంతకుముందు చిత్తూరులో, తన అన్న, అంటే మా పెదనాయన, బెల్లం మండీలో తూకాలు వేసేవాడు. పెదనాయనది పెద్ద గొంతు. కూలీల ముందే, "ఒరే, బెల్లం మింద ఈగలు తోలేదానికి కూడా నీకు చాతకాదురా" అనేవాడు. అంగడికి పెట్టుబడి ఆయనదే, షరతూ ఆయనదే. పెళ్ళిళ్ళ కాలం ముగిసేలోగా అంగడి నిలదొక్కుకోవాలి, లేకపోతే తాళం వేసి మళ్ళీ మండీకి రావాలి. ఆ మాట తలచుకుంటే నాయనకు అన్నం దిగేది కాదు.

సరుకు మంచిదే. చింతపండుతో తోమి వరసగా పెడితే పొద్దుటి ఎండకు అంగడంతా పచ్చగా వెలిగేది. లోపమల్లా నాయన నోటిలో ఉండేది. ఎవరైనా బిందె మీద వేలితో కొట్టి చూస్తే చాలు, "ఎనిమిది రూపాయలు తల్లీ... ఏడున్నర ఇయ్యి... సరే, బోణీ బేరం, ఏడు" అనేసేవాడు. అవతలి మనిషి ఇంకా నోరే తెరవలేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కూడా ఆయనకది బోణీయే. ధర అలా జారిపోతుంటే వచ్చినవాళ్ళకు అనుమానం పుట్టేది. చిల్లి ఉందేమోనని బిందెను వెలుతురుకు ఎత్తి చూసి, దించి వెళ్ళిపోయేవారు. నాకప్పుడు పదేళ్ళు. గోనెపట్టా మీద కూర్చుని అంతా చూసేదాన్ని.

ఆ రోజుల్లోనే ఊరి బయట డేరా సినిమా వచ్చింది. వాన పడని ఊళ్ళో గొడుగులు అమ్మబోయిన ఒక వెర్రివాడి కథ అది. వాడి టోపీ, ఎగిరెగిరి పడే నడక చూసి జనం ఇసకలో దొర్లి నవ్వారు. నాయన నవ్వలేదు. వాడు చివరికి గొడుగులన్నీ ఎలా అమ్మాడన్నదే ఆయనకు పట్టుకుంది. మర్నాడు పొద్దున తానూ ఒక పాత టోపీ పెట్టుకొని, గరిటెతో చెంబు వాయిస్తూ అంగడి ముందు ఎగరడం మొదలుపెట్టాడు. జట్కాలవాళ్ళు బండ్లు ఆపుకొని మరీ చూశారు, చప్పట్లు కొట్టారు, వెళ్ళిపోయారు. కోపమొస్తే అమ్మ నాయనతో నేరుగా మాట్లాడేది కాదు. "మీ నాయనను అడగవే," అంది నాతో, "నవ్వినోళ్ళంతా పోయినారు, బిందెలు యాడికన్నా పోయినాయా అని."

ఇంకొకరైతే సినిమాను తిట్టుకొని ఊరుకునేవారు. నాయన నన్ను వెంటబెట్టుకొని రెండోసారి వెళ్ళాడు. ఈసారి తెరకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి కూర్చున్నాడు. "యోవ్ అప్పా, బొమ్మ ఆ పక్క ఉండాది! మా మొగాల్లో ఏం సూస్తావు?" అని ఎవరో అరిచారు. "మీ మొగాలే సూడాలబ్బా, నువ్వు నవ్వుకో" అన్నాడు నాయన. కాసేపటికి నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. "సూడు పాపా, వాడు ఎగిరితే పిల్లోళ్ళు నవ్వతాండారు. వాడు నోరు మూసినాకనే పెద్దోళ్ళు నవ్వతాండారు." తెర వైపు చూశాను. గొడుగులవాడు ఊరి పెద్ద గుమ్మంలో నిలబడి, ఎండకు మీరేం చేస్తారు సామీ అని అడిగి, ఇక కదల్లేదు. ఆ పెద్దమనిషి నెత్తి తడుముకొని, దగ్గి, తన బట్టతల బాధంతా తానే చెప్పుకొని, గొడుగు తానే అడిగి తీసుకున్నాడు.

మర్నాడు అంగడికి, కొండమీద గుండు చేయించుకొని, నెత్తిన చందనం ఇంకా ఆరకుండానే ఒక పెద్దావిడ వచ్చింది. సత్యవేడు దగ్గరి పల్లె. మొగుడు బయట అరుగుమీద కూర్చున్నాడు. ఆవిడ పెద్ద బిందె ఎత్తి, "ఎంతప్పా?" అంది. "ఎనిమిది రూపాయలు" అని నాయన పెదవులు బిగించాడు. ఆవిడ బిందె చుట్టూ చెయ్యి తిప్పింది. నాయన మెడమీద చెమట కారుతోంది. ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది. ఏడున్నర అనే మాట నా నోటిదాకా వచ్చింది. చివరికి ఆవిడ గొంతు తగ్గించి, "పేరు కొట్టిస్తావా?" అంది.

"ఎవురి పేరమ్మా?"

"నాదే. ఇంట్లో చెంబు కాడ్నుంచి నీళ్ళు కాచే అండా దాకా అన్నిటి మిందా మా మామ పేరే. నీళ్ళు మోసేది నేను. దీని మింద నా పేరు ఉండాల."

"పేరు కొడితే నీళ్ళు తియ్యగయితాయా?" అన్నాడు అరుగుమీది ముసలాయన.

"నువ్వు తాగొద్దులే."

ఆవిడ ఒక్క అణా బేరమాడలేదు. నేను సుద్దముక్కతో అక్షరాలు రాశాను, వాటి వెంబడే నాయన ఉలితో చుక్కలు కొట్టాడు. చదువురాని ఆ మనిషి వేలితో వాటిని తడిమి, "నా పేరు ఇంత చిన్నదా!" అంది. ధర తగ్గడం తప్ప మనుషులకు ఇంకేమీ అక్కరలేదనుకున్న నాయన, ఆ రోజు నుంచి ధర చెప్పి ఊరుకోవడం, వాళ్ళు చెప్పింది వినడం అలవాటు చేసుకున్నాడు. ఒకామెకు చంకలో ఇమిడే బిందె కావాలి, ఒకామెకు అత్తగారి బిందెకన్నా పెద్దది కావాలి. ఎంత వింటే అంత వింతగా ఉండేది ఆయనకు.

పెళ్ళిళ్ళ కాలం ముగిశాక పెదనాయన వచ్చాడు. లెక్కలు చూశాడు; అంగడి నిలదొక్కుకుంది, తప్పు దొరకలేదు. అయినా గొంతెత్తి, "ఏదో ఒక వేసవి గడిచిందని మురిసిపోవద్దు, మండీకి వచ్చెయ్" అన్నాడు. మునుపైతే నాయన వెంటనే బతిమాలేవాడు. ఈసారి అన్నవైపు చూస్తూ నిలబడ్డాడంతే. పెదనాయన కండువా భుజం మార్చుకున్నాడు. వీధిలోకి చూశాడు. ఎప్పుడూ వినని చిన్న గొంతుతో, "నువ్వు లేక ఆడ నాకు పొద్దు పోలేదురా" అన్నాడు. నాయన గోనెపట్టా దులిపి వేసి, "కూర్చో అన్నా" అన్నాడు. అంగడి ఉండిపోయింది.

ఆ ఇద్దరూ ఒక తల్లి బిడ్డలు, ఒకే మండీలో పదకొండేళ్ళు ఎదురెదురుగా పనిచేసినవాళ్ళు. ఏళ్ళను నేను తప్పు లేకుండా కూడగలను గానీ, అందులో ఎన్ని ఒకరి మాట ఒకరికి వినపడకుండానే గడిచిపోయాయో మాత్రం ఇప్పటికీ లెక్క తేలదు.