ఖతీజక్క సైటులో గోదారి మట్టం

“గట్ల కాదు తమ్మీ, ఇను. టెంప్లేట్ అంటే మీ బావ షర్టు కోసే అట్ట. అట్ట ఒక్కటే, గుడ్డలు వేరు. ఆ గుడ్డల బీరువా డేటాబేస్. ఎవరన్నా పేజీ అడిగిన్రనుకో, సైటు నడిపే సిస్టమ్ అప్పటికప్పుడు గుడ్డ తీసి, అట్ట పెట్టి, కోసి కుట్టిస్తది. ఊరంతా ఒక్కసారే వస్తే?”

“మిషన్ కాలుతది,” చెక్క గోడ అవతలి నుంచి షుకూర్ బావ అందుకున్నాడు. “నా దుకాణం సగం గుంజుకున్నది సాలక నా పని గూడ చెప్పుకుంటున్నవా?”

“అద్దెకున్నోళ్ళు మాట్లాడొద్దు,” అంది ఖతీజక్క.

మణుగూరులో బావ టైలరింగు దుకాణాన్ని చెక్కతో రెండు చేశారు. అటు కుట్టుమిషన్లు, ఇటు అక్క ఇంటర్నెట్ సెంటరు. ఆమెకు కంప్యూటరు ఎవరూ నేర్పలేదు. ఈ చుట్టుపక్కల వార్తలతో సైటు పెట్టి, దాన్ని పాడుచేసుకుంటూ, మళ్ళీ నిలబెట్టుకుంటూ నేర్చుకుంది. నాదీ అదే చదువు కనుక ఆమె పక్కన కూర్చుంటే నాకు పొద్దు తెలియదు.

ఆ రోజు వాన వదలడం లేదు. గోదారి పెరుగుతోంది. హైదరాబాదులో, గల్ఫులో ఉన్న మనవాళ్ళందరూ నీటిమట్టం కోసం ఆ సైటే తెరుస్తున్నారు. పొద్దున సైటు రెండుసార్లు పడిపోయింది. సర్వర్ కిరాయికిచ్చినవాళ్ళు, ఇంత బరువైతే ఆపేస్తామని మెయిలు పెట్టారు. అందుకని అక్క కాష్ ఆన్ చేసింది.

“అంటే?”

“బయట బోర్డు చూసినవ్ గద. అందరు లోపలికొచ్చి ‘గోదారి ఎంతుంది’ అని అడగకుండ మీ బావ సుద్దతో రాసిండు. చూసుకుంట పోతరు. కాష్ అంటే గా బోర్డే. ఒక్కసారి కుట్టిన పేజీనే అందరికి చూపిస్తది.”

భద్రాచలం నుంచి ఫోనులో మట్టం చెప్పగానే ఆమె కొత్త నంబరు కొట్టి పబ్లిష్ నొక్కేది. ఆమె తెర మీద నలభై ఏడు అడుగులని కనిపిస్తోంది. సైటు నిలబడింది. అక్క టీ తెప్పించింది.

అప్పుడే ఫోను మోగింది. హైదరాబాదు నుంచి శాంతికుమార్. పినపాక అవతల ఏటి ఒడ్డు పల్లె అతనిది. భార్య గ్రేస్ నెలలు నిండి అక్కడే ఉంది.

“అక్కా, నీ సైటు మంచిగ పనికొచ్చింది. ముప్పై తొమ్మిదే గద. ట్రాక్టర్ల పోదామని మావోళ్ళు తొందరపడుతుండ్రు. గతుకుల్ల ఈ టైంల ఎందుకు, ఉండమని చెప్పిన.”

అక్క చేతిలో గ్లాసు ఆగింది.

“ఎంతని చూసినవ్?”

“ముప్పై తొమ్మిది. ఇప్పుడే తెరిచిన.”

ఆమె తన తెర చూసుకుంది. నలభై ఏడు. నా వైపు తిరిగింది. “తమ్మీ, జల్దీ. నీ ముందున్న దాంట్ల తెరువు.”

తెరిచాను. ముప్పై తొమ్మిది.

అక్క రెండు తెరలూ మార్చి మార్చి చూసింది. ఆమె లాగిన్ అయి ఉంది. నడిపేవాళ్ళకు సిస్టమ్ ఎప్పుడూ కొత్త పేజీయే కుట్టి ఇస్తుంది. పొద్దుటి పేజీ చూస్తున్నది తక్కిన లోకమంతా.

“శాంతీ, అది పాతది. ఇప్పుడు నలభై ఏడు. గ్రేసును వెళ్ళమను, ఇప్పుడే!”

భద్రాచలం దగ్గర నలభై ఐదు దాటితే గోదారి నీళ్ళు ఎదురుతన్ని ఆ పల్లె దారిలోని వాగు రోడ్డెక్కుతుంది. అతనికీ తెలుసు. లైను కట్ చేశాడు. కాసేపటికి మళ్ళీ ఫోను చేశాడు. గ్రేస్ ఫోను కలవడం లేదు.

గ్రేసును తీసుకురమ్మని అక్క జీపు నడిపే ఆంథోనికి ఫోను చేసింది. అతను పినపాక సెంటర్లోనే ఉన్నాడు. “వాగు దాకా పోయి చూస్త వదినా. దాటనిస్తదో లేదో,” అన్నాడు.

అక్క కాష్ తీసేసింది. సైటు వెంటనే కూలింది. మళ్ళీ పెడితే పాత నంబరు వస్తుందేమోనని పెట్టలేదు. చివరికి సిస్టమ్‌నే పక్కకు నెట్టింది. బొమ్మలూ మెనూలూ లేకుండా, నంబరు, అది తీసుకున్న టైము మాత్రమే ఉన్న ఉత్త పేజీ ఒకటి రాసి ఎక్కించింది. నా తెర మీద నలభై ఏడు వచ్చింది.

“వచ్చిందక్కా.”

ఆమె చూపు ఫోను మీదే ఉంది. అవతల కుట్టుమిషను కూడా ఆగిపోయింది.

చాలాసేపటికి ఆంథోని గొంతు వినిపించింది, జీపు రొదలో. “చక్రాల మీదికొచ్చినయ్ వదినా నీళ్ళు. దాటినం. గ్రేసమ్మ ఎనక కూసుంది, నన్నే తిడుతుంది మెల్లగ పొమ్మని. దవాఖానాకే తీస్కపోతున్న.”

“తిట్టనియ్యి,” అంది అక్క. కొంగుతో ముఖం తుడుచుకుని, శాంతికుమార్‌కు చెప్పి, ఫోను పెట్టేసింది. నేను లేచి చెప్పులేసుకున్నాను.

“తమ్మీ, ఒక్క పని చేసిపో. బయట బోర్డు మీద మీ బావ రాసింది పొద్దుటిదే ఉన్నది. చెరిపెయ్యి. నలభై ఏడు గూడ ఇప్పటికి పాతదయ్యుంటది. భద్రాచలం నుంచి మళ్ళ ఫోన్ వచ్చేదాక ఏం రాయకు. ఖాళీగ ఉంటే లోపలికొచ్చి అడుగుతరు.”