నాలుగు డబ్బాల నీళ్ళు

ఐదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. అయినా మా ఫ్యాక్టరీలో గ్యాసు కడిగే టవరు సంగతి నాకు బాగా తెలుసు.

హుదుద్ తుఫాను వెళ్ళిన మరుసటి ఏడు. శ్రీకాకుళం, విజయనగరం మధ్య హైవే పక్కనున్న మందుల ఫ్యాక్టరీలో పనిచేసేదాన్ని. అంతకు ముందు మా జట్టు ఆడవాళ్ళమంతా నౌపడ ఉప్పు మళ్ళలో ఉప్పు మోసినవాళ్ళమే.

ఆ టవరు మేడంత ఎత్తు. లోపలంతా బొటనవేలంత పింగాణీ రింగులు. కింది నుంచి ఘాటు గ్యాసు పైకి పోతుంది. పై నుంచి నీళ్ళు రింగులను తడుపుకుంటూ దిగుతాయి, దారిలో ఆ ఘాటును పట్టేసుకుంటాయి. పైన బయటికి వచ్చే గాలికి వాసన ఉండకూడదు.

నీళ్ళు ఎంత పోతున్నాయో చెప్పడానికి నిలువు గాజు గొట్టం, అందులో ఒక గుండు. నీళ్ళు పెరిగితే గుండు లేస్తుంది. గ్యాసుకి ఎంత అడ్డు తగులుతోందో చెప్పడానికి వంకర గొట్టం, అందులో ఎర్ర నీళ్ళు. రెండు వైపులా ఎర్ర నీళ్ళ ఎత్తులో తేడా చూడాలి. ఈ రెండూ గంటగంటకూ పుస్తకంలో రాసే పని నాకిచ్చారు. మా జట్టులో తట్ట దించి పెన్ను పట్టుకున్నది నేనొక్కదాన్నే. ఆ పెన్ను వదులుకోవాలని లేదు.

ఒకసారి రింగులు విరిగాయని టవరు ఖాళీ చేసి కొత్తవి పోయించారు. పోసింది మా జట్టే, ముందు నిలబడి పోయించింది నేనే. పై తలుపు దగ్గర తట్ట మీద తట్ట గుమ్మరించాం. మళ్ళీ నడపగానే వాసన. కళ్ళు మండాయి.

ఇంజనీరు పుస్తకం చూశాడు. “నీళ్ళు సరిపడా ఉన్నాయని రాశావు. ఎర్ర నీళ్ళ తేడా మాత్రం పాతదాంట్లో సగం లేదు. తప్పు చూస్తున్నావమ్మా. రేపటి నుంచి ఇంకొకరిని పెడతాను.”

“నా కళ్ళకేటైంది బాబూ! ఉన్నదే రాసినాను.”

అతను నమ్మలేదు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర, జట్టులోనే తట్ట మోసే మా వదిన నవ్వింది. “ఒలే, పెన్నట్టుకుంటే పెద్దోలమైపోతామేటి? రేపొచ్చి తట్టెత్తుకో.”

పక్కన బోర్లించిన తట్ట వైపు చూశాను. చేతిలో ముద్ద ఆగిపోయింది. ఉప్పు కుప్పను మేం వాలుగా పోస్తాం, వాన పడితే నీళ్ళు జారిపోవాలని. రింగులూ అలాగే పోశాం. తలుపు వైపు కుప్ప, అవతలి గోడకి వాలు. నీళ్ళన్నీ ఆ గోడకే జారిపోతూ ఉండాలి. ఇటు ఎండు రింగుల మధ్య నుంచి గ్యాసు సులువుగా పోతోంది. అందుకే తేడా తగ్గింది, అందుకే వాసన.

నా అంకెలు నిజమని చూపించాలంటే, పోయించడంలో తప్పు నాదేనని ఒప్పుకోవాలి. చెయ్యి కడుక్కుని తిన్నగా వెళ్ళాను.

“బాబూ, రాతలో తప్పు లేదు. పొయ్యడంలో ఉన్నాది. అది నాదే. నాలుగు డబ్బాలిప్పించండి, సూపిస్తాను.”

“డబ్బాలతో ఏం చేస్తావ్?”

“నీలెక్కడ పడతన్నాయో కొలుస్తాను.”

గ్యాసు ఆపించి, గాలి ఊదించి, కింది తలుపు తీయించాడు. రింగులను మోసే జల్లెడ కింద నాలుగు దిక్కులా ఒకే కొలత పెయింటు డబ్బాలను కర్రతో తోశాం. పైన నీళ్ళు వదిలారు. గుండు రోజూ ఉండే గీత దగ్గరే నిలబడింది. నేను వంద లెక్కపెట్టాను. నీళ్ళు ఆపి డబ్బాలు లాగితే, అవతలి గోడ దగ్గరిది పొంగిపోతోంది. పక్కల రెండూ సగం. పై తలుపు వైపుదానికి అడుగు మాత్రం తడిసింది.

ఇంజనీరు ఆ ఎండు డబ్బాను వంచి వంచి చూశాడు. “రింగులన్నీ తీసెయ్యండి,” అన్నాడు.

తీశాం. ఈసారి టవరులో నీళ్ళు నింపి, రింగులు విరగకుండా నీళ్ళలోకే వదిలాం. కాస్త పోసినప్పుడల్లా నీళ్ళు దించి, పొడుగు కర్రపలకతో చదును చేశాం.

“కుప్ప కాదే, మడిలాగుండాల!” అని అరిచాను.

“సదునైనాదేటి, సూసి సెప్పవే పెన్నమ్మా!” అంది మా వదిన.

మళ్ళీ డబ్బాలు పెట్టాం. నాలుగింటిలో నీళ్ళు ఇంచుమించు ఒకే ఎత్తు. గ్యాసు వదిలాక ఎర్ర నీళ్ళ తేడా పాత గీతకి వచ్చింది. వాసన లేదు.

ఇంజనీరు పుస్తకం నా ముందుకు తోశాడు. “రాయమ్మా. జరిగిందంతా రాయి.”

మొదటి వరుసలో, రింగులు వాలుగా పోయించింది నేనే అని రాశాను. దాని కింద ఆ గంట అంకెలు వేశాను.