కత్తెరకు అందని వార్త

ఈ ఉదయం పేపరు విప్పి జిల్లా పేజీ చూశాను. కోదాడ గురించి ఒక్క ముక్క లేదు. నిన్న అక్కడ వడగళ్లు పడిన సంగతి సాయంత్రమే ఫొటోతో సహా నా ఫోన్‌కు వచ్చింది. అయినా అలవాటు కొద్దీ చేయి సొరుగులోని కత్తెర మీదికే పోయింది. మిర్యాలగూడలో కాలువల ఆఫీసులో పనిచేసినన్నాళ్లూ పొద్దున్నే నా మొదటి పని అదే. మా శాఖ మీద పేపర్లో ఏ ఫిర్యాదు వచ్చినా కత్తిరించి, తెల్లకాగితం మీద అంటించి, తేదీ వేసి సారు బల్ల మీద పెట్టాలి. సారు దాని మీద 'విచారించి తెలుపుము' అని రాసేవారు. ఆ రెండు మాటలకు ఎన్ని తూములు తెరుచుకున్నాయో నాకు తెలుసు. ఆ కటింగుల్లో సగం మా బావ రాసినవే.

బావ అంటే మా అక్క భర్త, కోదాడలో విలేకరి. "నేను రాసుడు, మా బామ్మర్ది కత్తిరించుడు, సర్కారు జీతం మాత్రం ఆయనకే" అని బస్టాండులో అందరికీ చెప్పి నవ్వించేవాడు. రెండువేల ఒకటి ప్రాంతంలో వార్తలు చేత్తో రాసి, కవర్లో పెట్టి, అన్నం మెతుకులతో అంటించి, సూర్యాపేట బస్సు డ్రైవరుకు ఇచ్చేవాడు. అక్కడ పేపరు ఆఫీసు మనిషి కాచుకుని ఉండి అందుకునేవాడు. "ఇంట్ల మెతుకులన్నీ మీ పేపరుకే అయితన్నయ్, ఇగ మేమేం తినాలె?" అని అక్క దెప్పేది. ఒకసారి బావ మాటల్లో పడి కవరును విజయవాడ బస్సుకు ఇచ్చేశాడు. అది అంతదూరం పోయి మర్నాడు తిరిగి వచ్చింది. "నా వార్త కృష్ణల తానం చేసొచ్చింది బామ్మర్ది, ఇగ దానికి పాపం అంటదు" అన్నాడు. నవ్వుతూనే కూర్చుని దాన్ని మళ్లీ మొదటినుంచి రాశాడు. ఒకరోజు పాతబడిన వార్తను అట్లాగే పంపడం ఆయనకు చేతకాదు. ఊరికి పోకుండా ఊరి వార్త రాయడం కూడా చేతకాదు.

తరువాత ఫ్యాక్సు వచ్చింది, కంప్యూటరు వచ్చింది. నేను రిటైరై సూర్యాపేటలో స్థిరపడేనాటికి పేపరు సన్నబడటం మొదలైంది. కోదాడ, హుజూర్‌నగర్ వైపు వార్తలకు ప్రత్యేకంగా ఉన్న పేజీ తీసేశారు. సూర్యాపేట ఆఫీసు ఎత్తేశారు. కవర్లు అందుకునే మనిషి అక్కడి బస్టాండు ఎదుటే ఫోన్ ఛార్జర్ల కొట్టు పెట్టుకున్నాడు. ఇకమీదట ఏ వార్తయినా నాలుగు లైన్లు ఫోన్లో పంపితే చాలని, చోటు లేకపోతే వెబ్‌సైట్‌లో పెడతామని బావకు కబురు వచ్చింది.

ఆ ఏడు యాసంగి పంటకే కోదాడ దగ్గరి చిలుకూరు అవతల ఒక ఊరికి కాలువ నీళ్లు అందలేదు. వరి పొట్ట దశలో ఉంది. బావ ఆ పొలాలన్నీ తిరిగి వార్త రాశాడు. పేపర్లో చోటు దొరకలేదు, వెబ్‌సైట్‌లో వచ్చింది. ఆ మాట చెబితే ఒక పెద్ద రైతు, "నెట్ల నీళ్లొస్తే మా మడికేం లాభం సారూ?" అన్నాడట. బావ నాకు ఫోన్ చేశాడు.

"బామ్మర్ది, వారంల నీళ్లు రాకుంటె పంట ఖతం. మీ ఆఫీసోళ్లు నెట్ సూస్తరా?"

"సూడరు బావా. కత్తెరకు అందనిది ఫైలుకెక్కదు."

"అయితే కత్తెరకే అందిద్దాం పా."

మర్నాడు కోదాడ నెట్ సెంటర్లో ఆ వార్తను ప్రింటు తీయించాం. నేను అంచులు కత్తిరించి, తెల్లకాగితం మీద అంటించి, తేదీ వేశాను. "రిటైరైనా నీ రోగం పోలే" అన్నాడు బావ. దాని కింద రైతుల సంతకాలు ఉంటే అది అర్జీ అవుతుందని, ఆఫీసులో నంబరు పడిన అర్జీకి జవాబు రాయక తప్పదని నేను చెప్పాను. ఊళ్లో అందరూ సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. పెద్ద రైతును వెంటబెట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కాం.

నా పాత కుర్చీలో ఒక అమ్మాయి ఉంది. మర్యాదగా కూర్చోబెట్టింది. "ఈ మధ్య పేపర్ కటింగులు బాగ తగ్గినయ్ సార్. ఫిర్యాదులు తగ్గినయని మేం సంతోషపడుతున్నం" అంది.

"తగ్గింది పేజీలమ్మా" అన్నాడు బావ. "ఫిర్యాదు గీడ నిలవడ్డది సూడు" అని రైతు భుజం మీద చేయి వేశాడు.

ఆ అమ్మాయి ఒక క్షణం మా ముగ్గురినీ చూసి, కాగితం తీసుకుని ముద్ర కొట్టి, తానే సారు గదిలోకి తీసుకుపోయింది. వారం తిరగకముందే నీళ్లు వచ్చాయి. చివరి మడులు కొన్ని గింజ పట్టక తాలు పోయాయి, మిగతా పంట చేతికొచ్చింది.

ఆ తరువాత బావ ఆగలేదు. ఒక్క వేలితో టైపు చేయడం నేర్చుకున్నాడు. వెబ్‌సైట్‌లో వచ్చిన తన వార్తలను ప్రింటు తీయించి, ఏ ఊరి వార్తను ఆ ఊరి రేషన్ దుకాణం గోడకు అంటిస్తున్నాడు, మెతుకులతోనే. "రాసుడు సగం పనే బామ్మర్ది, అందుడు ఇంకో సగం" అంటాడు.

ఇందాక ఫోన్ చేసి, వడగళ్ల సంగతి పేపర్లో రాలేదన్నాను. "తెలుసు. మామిడి తోటలు సూసి ఇప్పుడే వస్తున్న. కత్తెర తీసుకొని బస్సెక్కు" అన్నాడు. చొక్కా వేసుకుంటూ అనుకున్నాను: కాలం వార్తకు రెక్కలైతే ఇచ్చింది గాని, చివరి మడి దాకా అది ఇప్పటికీ నడిచే పోవాలి.