సుందరమ్మ గంట

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది, దానికి పాస్‌పోర్టు ఉందా అని. వెటకారం కాదు, అలవాటు. గల్ఫ్‌లోని ఒక దేశంలో, మన ఎంబసీలో, కార్మికులు వచ్చే కౌంటర్ దగ్గర తెలుగు మాట్లాడే క్లర్కుగా నా వయసులో మంచి భాగం గడిచిపోయింది. అక్కడ కాగితం లేని మనిషి ఎదురుగా నిలబడి ఏడుస్తున్నా, ఆఫీసు లెక్కలో లేనట్టే. అలాంటి చోట పనిచేసినదాన్ని కనబడనివాటిని ఎక్కడ నమ్ముతాను?

ఇప్పటికీ నమ్మను. అయినా ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఇది జరిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను, విన్నది నేనొక్కదాన్నే కాదు.

ఉద్యోగం మానేశాక మెదక్ వచ్చేశాం. నేను పుట్టి పెరిగిన వీధిలోనే ఇల్లు కట్టుకున్నాం. వీధి చివర ఒక చిన్న చర్చి ఉంది. ఊళ్లోని పెద్ద చర్చిని చూడడానికి ఎక్కడెక్కడి నుంచో బస్సుల్లో వస్తారు గానీ, మా చిన్న చర్చి వైపు మా వీధివాళ్లు తప్ప ఎవరూ తొంగిచూడరు. పొద్దున, సాయంత్రం ప్రార్థనకు దాని గంట కొట్టేది సుందరమ్మ. మేం హిందువులమే అయినా చిన్నప్పుడు నేను బడికి లేచింది ఆ గంటకే.

సుందరమ్మ గంట కొట్టే తీరు వేరు. రెండు దెబ్బలు వెంటవెంటనే, కాస్త ఆగి ఒకటి. తాడు లాగుతూ తనే మెల్లగా అనేది, "లెవ్వు, లెవ్వు... రా" అని. ఆ మూడో దెబ్బ పడేసరికి వీధిలో పిల్లలందరం "రా" అని అరిచేవాళ్లం. అదొక ఆట మాకు. ఆమె పైకి కసురుకునేది గానీ మేం అరవకపోతే ఆమెకూ తోచేది కాదు.

ఆమెకు రాణి అని ఒక కూతురు, దాసు అని ఒక కొడుకు. దాసు నాకంటే బాగా చిన్నవాడు. నేను గల్ఫ్ వెళ్లేనాటికి ఇంకా నిక్కర్లే. పెద్దయ్యాక తాపీపనికి దుబాయ్ వెళ్లాడని విన్నాను. మొదట్లో ఫోన్లు చేసేవాడట, తర్వాత అవీ ఆగిపోయాయి. కంపెనీ వదిలేసి బయట దొరికిన పని చేసుకుంటున్నాడని ఎవరో చెప్పారు. అలా యజమానిని వదిలి తిరిగేవాళ్లను మనవాళ్లు కల్లివెల్లి అంటారు. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంటుంది, మనిషి రోడ్డు మీద ఉంటాడు.

నేను మెదక్ వచ్చానని తెలియగానే సుందరమ్మ మా గేటు దగ్గరికి వచ్చింది. "ఎంబసీల చేసినవు గద బిడ్డా, జర మా దాసును దేవులాడి పెట్టు" అంది.

"దుబాయేనా పెద్దమ్మా?" అని అడిగాను.

"దుబాయే బిడ్డా. ఇంకేడికి పోతడు?"

దుబాయ్‌లో నాకు తెలిసినవాళ్లందరినీ అడిగాను. ఆ పేరుతో, ఆ ఊరితో ఎవరూ దొరకలేదు. ఆమె చర్చి నుంచి పోతూ పోతూ మా గేటు దగ్గర ఆగేది. నా మొహం చూసి, ఏమీ అడక్కుండానే కదిలిపోయేది. 

కొన్నాళ్లకు మా పాత ఆఫీసరు నళిని మేడమ్ ఫోన్ చేసింది. ఆమెది తమిళనాడు, నాతో హిందీలో మాట్లాడుతుంది. అక్కడి దవాఖానాలో ఒక పేషెంటు ఉన్నాడట. పక్షవాతం వచ్చి రోడ్డు పక్కన పడిపోతే ఎవరో చేర్చారు. జేబులో ఒక్క కాగితం లేదు. సిమెంటు పని చేసిన చేతులు కావడంతో వేలిముద్రలు అరిగిపోయి యంత్రానికి అందలేదు. మాట పోయింది. మన చుట్టుపక్కల దేశాల ఎంబసీలవాళ్లంతా వచ్చి, తమ తమ భాషల్లో పలకరించి, మావాడు కాదేమోనని వెళ్లిపోయారు.

"మన మనిషని తేలితే అవుట్‌పాస్ ఇచ్చి ఇంటికి పంపిస్తా. తేలకపోతే నా చేతిలో ఏమీ లేదు, అతను ఆ మంచం మీదే ఉండిపోతాడు" అంది. అవుట్‌పాస్ అంటే పాస్‌పోర్టు లేనివాళ్లు ఇల్లు చేరడానికి ఎంబసీ ఇచ్చే కాగితం. తెలుగు క్లర్కు సీటు ఖాళీగా ఉంది కాబట్టి, వీడియో కాల్‌లో నన్ను పలకరించమంది.

పలకరించాను. గుండు, గడ్డం, ఒక పక్కకు వంకరపోయిన మొహం. కౌంటర్‌లో అడిగినట్టే అడిగాను. "ఏ ఊరన్నా మనది? నిజామాబాదా? కరీంనగరా? సిద్దిపేటా?" మెదక్ కూడా అన్నాను. అతను పైకప్పు చూస్తూ పడుకున్నాడు, కన్ను కూడా తిప్పలేదు. మా ఎంబసీ ఉన్నది దుబాయ్‌లో కాదు కాబట్టి సుందరమ్మ కొడుకు సంగతి నా మనసుకు తట్టనే లేదు.

మేడమ్ ఇంకొక్కసారి ప్రయత్నిద్దామంది. ఆ తర్వాత, మన మనిషని తేల్చలేకపోయామని దవాఖానాకు రాసిచ్చేయాలి.

ఆ రెండో కాల్ సాయంత్రం వచ్చింది. వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. పక్క కుర్చీలో మా ఆయన పేపరు చదువుతున్నాడు. ఫోన్‌ను స్టీలు గిన్నెకు ఆనించి మళ్లీ అవే మాటలు మొదలుపెట్టాను. అవతల మంచం దగ్గర నళిని మేడమ్, ఒక మలయాళీ నర్సు ఉన్నారు. అతనిలో కదలిక లేదు. ఇక లాభం లేదని నాకే విసుగొచ్చింది.

అప్పుడు వీధి చివర గంట మోగింది. రెండు దెబ్బలు వెంటవెంటనే.

అతను తల తిప్పాడు. ఫోన్ వైపు, అంటే నా వైపు, సూటిగా చూశాడు. మూడో దెబ్బ పడింది. దాంతోపాటే అతని నోట్లోంచి మాట వచ్చింది. "రా."

నర్సు ఉలిక్కిపడింది. మేడమ్ ముందుకు వంగి, "ఏమన్నాడు? రా అంటే ఏంటి?" అని అడిగింది.  ఆ ఒక్క దెబ్బకు ఆ ఒక్క మాట అనేవాళ్లు ప్రపంచం మొత్తం మీద మా వీధి పిల్లలే.

"దాసూ" అన్నాను.

అతని బాగున్న కన్ను, బాగాలేని కన్ను, రెండూ నిండిపోయాయి. "అమ్మ" అన్నాడు. నేను గిన్నెతో సహా చిక్కుడుకాయలు కింద పారేసి ఏడ్చేశాను.

తర్వాత ఆలోచిస్తే సిగ్గూ వచ్చింది, నవ్వూ వచ్చింది. మా దిక్కున గల్ఫ్‌లో ఏ దేశం పోయినా దుబాయ్ పోయిండనే అంటారు. మస్కట్ పోయినవాడు, కువైట్ పోయినవాడు, అందరూ దుబాయే. అన్నేళ్లు ఎంబసీలో కూర్చున్న నేను కూడా సుందరమ్మ అన్న దుబాయ్‌ని దుబాయే అనుకున్నాను.

కాల్ అయిపోగానే శంకరంపేటలో ఉండే రాణికి ఫోన్ చేశాను. ఆ పిల్ల ఏడుస్తూ, "అమ్మ ఉంటే ఎంత సంబురపడేదక్కా" అంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. సుందరమ్మ అంతకుముందు వానాకాలంలోనే చనిపోయింది. నేనూ వెళ్లి మట్టి వేసి వచ్చాను.

మరి ఆమె తీరులో గంట కొట్టింది ఎవరా అనుకుంటూ మా ఆయన్ను అడిగాను. ఆయన పేపరు దించి నన్ను ఎగాదిగా చూశాడు. "ఏ గంటనే? పానం మంచిగున్నదా నీకు? చర్చి మొత్తం ఇప్పి కొత్తది కడ్తుండ్రు గద. గంట పాస్టరయ్య ఇంట్ల ఉన్నది" అన్నాడు. ఆయన చెవిటి మనిషి కాదు. వంటింట్లో చెంచా పడితే వరండాలోంచి అడుగుతాడు.

నిజమే. చర్చి విప్పడం రోజూ చూస్తూనే ఉన్నాను. చిన్నప్పటి నుంచి విన్న చప్పుడు కాబట్టి, మోగిందంటే మోగిందనుకున్నానే తప్ప ఎలా మోగిందని అనుకోలేదు.

అప్పుడే చెప్పులేసుకుని పాస్టరయ్య ఇంటికి వెళ్లాను. గంట వరండా మూలన గోనెసంచిలో చుట్టి ఉంది. దాని పక్కనే కోడి ఒకటి గుడ్లు పొదుగుతోంది. ఎవరైనా కదిలించారా అని అడిగితే పాస్టరయ్య నవ్వాడు. "ఎవలు కొడ్తరమ్మా? కొట్టేటందుకు నాలిక లేదాయె" అని, విడిగా అటక మీద పెట్టిన ఇనుప నాలుక చూపించాడు. దాని మీద దుమ్ము చెదరలేదు. వీధిలో ఎవరిని అడిగినా ఏ గంటా వినలేదన్నారు.

నళిని మేడమ్‌కు ఫోన్ చేసి, నా తరఫు నుంచి ఏమీ చెప్పకుండా, కాల్‌లో ఏమైనా వినబడిందా అని అడిగాను. "మీ ఇంటి దగ్గర గంట కదా? రెండు, ఆగి ఒకటి. నర్సు కూడా బాగుందంది" అని చెప్పింది. పెద్ద చర్చి గంటేమోనని ఆలోచించాను. దాని మోత వేరు, అది మా వరండాలోకి అంత దగ్గరగా రాదు. ఫోన్ తప్పు అనుకుందామన్నా, నాకు వినబడింది ఫోన్‌లో కాదు, వీధిలో.

రాణి పాత ఫొటోలు, రేషన్ కార్డు పంపింది. పోలీసులు వచ్చి విచారించి వెళ్లారు. మేడమ్ వెంటపడి అన్నీ కదిలించి అవుట్‌పాస్ చేతికిచ్చింది. దాసు వీల్‌చైర్‌లో ఎయిర్‌పోర్టు బయటికి వచ్చిన రోజు రాణి వాణ్ని కొట్టింది, ముద్దు పెట్టుకుంది, మళ్లీ కొట్టింది. అన్నేళ్ల ఉద్యోగంలో కూడా అంత తృప్తిగా నిద్రపోయిన రాత్రి ఇంకోటి లేదు.

వాడికి మాట మెల్లమెల్లగా తిరిగొచ్చింది. తల్లి సంగతి రాణే చెప్పింది. చాలాసేపు ఏడ్చి, నా వైపు తిరిగి అడిగాడు. "మరి గా దినం గంట ఎవలు కొట్టిండ్రక్కా?"

 కౌంటర్‌లో కూర్చున్నన్నాళ్లూ ఎవరేం అడిగినా, లేదనో, రేపు రమ్మనో ఏదో ఒకటి చెప్పి పంపేదాన్ని. దాసుకు మాత్రం గోనెసంచిలో గంట, అటక మీది నాలుక, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పాను.

కొత్త చర్చి పూర్తయింది. గంట మళ్లీ పైకెక్కింది. మంచిగున్న చేత్తో దాసే ఇప్పుడు తాడు లాగుతాడు. మొదటి రోజు నేను వరండాలోనే ఉన్నాను. రెండు దెబ్బలు వెంటవెంటనే పడ్డాయి. ఆగింది.

నేను నోరు తెరిచేలోపే పక్క కుర్చీలోంచి, పేపరు దించకుండానే, మా ఆయన "రా" అన్నాడు.