రాతమ్మకు దొరికిన కుర్చీ

ఆ గొడుగుల కంపెనీలో ఆమె అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ రాతమ్మే. బోర్డు మీటింగులో ఎవరేమన్నారో రాయడం ఆమె పని. పెద్ద బల్ల చుట్టూ పెద్దమనుషులు, గోడవారగా మడత కుర్చీలో ఈవిడ. చివర్లో ఏదైనా ఓటుతో తేల్చాల్సి వస్తే ఛైర్మన్ మంచినీళ్ల గ్లాసు మీద పెన్నుతో టక్ టక్‌మని కొట్టేవాడు. బోర్డు సభ్యులు కానివాళ్లు బయటికి నడవమని దానర్థం. నోటితో చెబితే ముత్యాలు రాలిపోతాయి మరి! ఆ చప్పుడు వినగానే రాతమ్మ లేచి, తలుపు దగ్గరగా వేసి, వరండాలో కిటికీ పక్కన నిలబడేది. అంతా తేలిపోయాక పిలిచి ఏం రాసుకోవాలో చెప్పేవారు.

పెళ్లికి ముందు చేరింది ఆ పనిలో. మొగుడొచ్చాడు, పోయాడు, జుట్టు నెరిసింది. ఆ టక్ టక్ మాత్రం మారలేదు.

ఇంట్లో ఆమెకు తోడు ఆడపడుచు, అంటే మొగుడి అక్క. అదే కంపెనీ కుట్టు విభాగంలో గొడుగు గుడ్డలు కుడుతుంది. వదినామరదళ్లంటే ఉప్పూ నిప్పూ అంటారు లోకులు. లోకులకేం, అంటారు. వీళ్లిద్దరూ ఒకరు రాకుండా ఇంకొకరు అన్నం ముట్టేవాళ్లు కాదు.

ఇక తమ్ముడు. తల్లి పోయాక రాతమ్మే పెంచింది. చిన్నప్పటి నుంచీ వాగుడుకాయ. ఆ వాగుడే చివరికి వాణ్ణి పార్లమెంటులో కూర్చోబెట్టింది. కంపెనీల బోర్డుల్లో ఆడవాళ్లకు వాటా ఉండాలనే బిల్లు వచ్చినప్పుడు సొంత పార్టీవాళ్లే సణిగారు. "అంత తెలివైన ఆడవాళ్లని ఎక్కణ్ణుంచి తెమ్మంటారండీ?" అని ఒకాయన లేచి వెటకారమాడాడు.

"మా అక్కని తీసుకెళ్లండి," అన్నాడు వీడు. "బతుకంతా ఆ గదిలోనే కూర్చుంది. కాకపోతే గోడ పక్కన."

అంతటితో ఊరుకోలేదు. యజమాని ఇంటివాళ్లు ఆ వాటా కిందికి రారని కూడా పట్టుబట్టి చేర్పించాడు. లేకపోతే పెళ్లాన్నో కోడలినో కూర్చోబెట్టి చేతులు దులుపుకోరూ, మనకు తెలియని విద్యా ఇది?

చట్టమైంది. ఛైర్మన్ బుర్ర గోక్కుని, నాలుగు వైపులా చూసి, నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి రాతమ్మేనని తేల్చుకున్నాడు. అలా ఆమెకు బల్ల దగ్గర కుర్చీ వచ్చింది.

"ఇక నువ్వు రాయక్కర్లేదక్కా. నీ మాటే ఎవరో రాస్తారు," అన్నాడు తమ్ముడు.

"పోరా, నీ మొహం! నా అంత దస్తూరి ఎవరికుందని?" అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

మొదటి మీటింగుకే గండం వచ్చిపడింది. కుట్టు విభాగం మూసేసి, కుట్టిన గుడ్డలు బయట కొందామని ఛైర్మన్ పట్టు. అదే జరిగితే ఆ హాల్లోని ఆడవాళ్లంతా వీధిన పడతారు. వాళ్లలో వదినా ఉంది. ఆ వయసులో ఆమెకు ఇంకో పని ఎవరిస్తారు? మూసేద్దామని ఛైర్మన్‌తో కలిపి ముగ్గురు, వద్దని ముగ్గురు. ఇక మిగిలింది రాతమ్మ.

పొద్దున్నే వదిన ఆమె జుట్టు దువ్వి, పిన్ను పెట్టింది.

"నోరు విప్పుతావా, బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటావా?"

"విప్పుతాను వదినా, నీ మీదొట్టు."

విప్పింది. "మన గొడుగు వానలో కారదని పేరొచ్చింది ఆ కుట్టు వల్లేనండీ. అది వదులుకుని ఇంకేం అమ్ముతాం?" అంది. వద్దన్నవాళ్లలో ఒక ముసలాయన తలూపాడు. ఇన్నేళ్లూ వాళ్ల మాటలు రాసిన మనిషి తన మాట ఆ గదిలో వినబడుతుంటే లోలోపల పొంగిపోయింది.

"సరే, అందరూ చెప్పారు. తేల్చేద్దాం," అంటూ ఛైర్మన్ గ్లాసు మీద టక్ టక్‌మని కొట్టాడు.

రాతకు కొత్తగా పెట్టిన ఆవిడ లేచింది. రాతమ్మా లేచింది. కాగితాలు సర్ది, తలుపు దగ్గరగా వేసి, వరండాలో కిటికీ పక్కన తన చోట నిలబడింది. అయ్యో, తల్లీ! లోపల ఒక్కరైనా "ఎక్కడికమ్మా?" అనలేదు. వాళ్ల కళ్లకూ అది అలవాటే.

"మీరెందుకు వచ్చారండీ?" అంది కొత్తావిడ.

అప్పుడు తెలిసింది. పరుగున వెళ్లి తలుపు తోసేసరికి ఎత్తిన చేతులు దిగిపోతున్నాయి.

"అయిపోయిందమ్మా," అన్నాడు ఛైర్మన్. "ముగ్గురు అటు, ముగ్గురు ఇటు. సమానమైతే నా మాటే కదా చెల్లేది."

"నేను... ఓటు వెయ్యలేదండీ..."

"మీరే లేచి వెళ్లారు. ఎవరమైనా పొమ్మన్నామా?"

ఎవరూ అనలేదు. అదే కదా ఏడుపు! కావాలని కొట్టాడో, అలవాటు కొద్దీ కొట్టాడో ఆ పైవాడికే తెలియాలి.

మెట్లు దిగి కుట్టు హాల్లోకి వెళ్లింది. మిషన్లు ఒక్కొక్కటీ ఆగాయి. ఎవరి మీదా నెపం నెట్టకుండా, ఉన్నదున్నట్టు చెప్పింది. "టక్ టక్‌మన్నాడు వదినా. లేచి వచ్చేశాను."

వదిన తిడితే బాగుండేది. తిట్టలేదు. కుడుతున్న గుడ్డ దారం కొరికి, మడిచి పక్కన పెట్టింది.

"నేనైనా లేచేదాన్నేలే," అంది.

ఆ మాటకు రాతమ్మ అక్కడే మిషను పక్కన కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చింది. సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. "మాట్లాడావా అక్కా?" అని వాడు సంబరంగా అడుగుతుంటే "మాట్లాడాను రా, బాగా మాట్లాడాను" అని మాత్రం అనగలిగింది.

వదిన పని వెతుక్కుంటూ వేరే ఊరు వెళ్లిపోయింది. రాతమ్మ అన్నం ముందు కూర్చుని తలుపు వైపు చూడటం ఇంకా మానలేదు.

తర్వాతి మీటింగులో మళ్లీ టక్ టక్. రాతమ్మ కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది. కాళ్లు లేవబోతుంటే నేలకు అదిమిపెట్టింది. కుట్టు మిషన్లు అమ్మేయాలా వద్దా అన్నది ఆ రోజు సంగతి. వద్దని ఆమె ఒక్కతే చెయ్యెత్తింది. కింద హాల్లో అప్పటికి కుట్టేవాళ్లెవరూ లేరు.