మంచినీళ్ల స్నానం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: మంచినీళ్లతో కడిగితే పోని మురికి ఈ లోకంలో లేదని. నారాయణపేటలో మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని కదా! బోరు ఉప్పునీళ్లలో అద్దితే నూలుకు రంగు సరిగ్గా పట్టదని మా బాపు ఎక్కడెక్కడి నుంచో మంచినీళ్లు తెప్పించేవాడు (బిందెలు మోసింది ఎవరో వేరే చెప్పాలా?). ఆ నమ్మకాన్ని మూటగట్టుకునే, తెలంగాణ వచ్చిన కొత్తలో, పాలమూరులో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీలో చేరాను.

ఆఖరి ఏడాది మా మేడం ల్యాబులో ప్రాజెక్టుకు ఒక్కటే జాగా ఉండేది. మిగతావాళ్లంతా లైబ్రరీలో కూర్చుని పాత పుస్తకాలు తిరగేసి ఏదో ఒకటి రాసుకోవాల్సిందే. నాకేమో బట్టీ పట్టడం తప్ప చేత్తో చేసే పని ఒక్కటీ రాదు. అది నేర్చుకోవడానికే ఆ జాగా కావాలి, ఏడుపొచ్చేంతగా కావాలి. మేడం ఒక గులాబీరంగు సీసా నా చేతిలో పెట్టారు. రాళ్లుప్పు నీళ్లలో పెంచిన ఆర్కియా అనే సూక్ష్మజీవులట. చూపుకు బ్యాక్టీరియాలాగే ఉన్నా వాటి వంశమే వేరు. "నెల రోజులు పెంచిన వీటిని. రేపు మైక్రోస్కోపు కింద చూపెట్టు, జాగా నీదే" అన్నారు.

తెల్లారి అందరికంటే ముందే వెళ్లాను. సీసా మూతి చుట్టూ ఉప్పు పేరుకుపోయి ఉంది. అయ్యో, ఇంత ఉప్పులో ఎట్లా బతుకుతున్నాయో పాపం అని జాలేసింది. మొత్తం సీసాను గిర్రున తిప్పే యంత్రంలో వేసి, అడుగున చేరిన ఎర్రటి ముద్దను ఉంచి, ఉప్పునీళ్లు పారబోసి, శుభ్రమైన మంచినీళ్లు పోసి బాగా జాడించాను. మా ఇంటి ఆడపిల్లను పెళ్లికూతుర్ని చేసినంత శ్రద్ధగా! ముద్ద మాయమైంది. నీళ్లు మాత్రం బెండకాయ జిగురులా తీగలు సాగాయి. స్లైడు మీద చూస్తే ఒక్కటంటే ఒక్కటి లేదు.

"ఏం జేసినవ్?" అన్నారు మేడం గుమ్మంలోంచే.

"కడిగిన మేడం... మంచినీళ్లతోని."

ఆమె కాసేపు నెత్తి పట్టుకున్నారు. "అవి ఉప్పులనే బతుకుతయి తల్లీ! సరే, వాటి బయటి పొర గురించి చెప్పు."

చిలకలా అందుకున్నాను: "బ్యాక్టీరియాకుండే గోడ వీటికుండదు. లోపల కొవ్వు పొర, దాని మీద ప్రొటీన్ ముక్కలు వరుసగా పేర్చుకున్న ఎస్-లేయర్..."

"గది పుస్తకం. మరెందుకు పగిలినయో నీ మాటల్ల చెప్పు."

కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తడబాటులోనే నోరు జారింది: "గంజి పోయింది మేడం."

"ఏందీ?"

"పడుగుకు గంజి పెట్టకుంటే మగ్గం మీద పోగులు తెగుతయి గద మేడం. ఈ పైపొర గూడ నేసిన బట్ట లెక్కనే. ఉప్పే దానికి గంజి. నేను గంజి కడిగేసిన, నేత ఊడింది. లోపలి పల్చటి పొర ఒక్కటే నీళ్లను ఆపలేక పగిలింది."

మేడం కొత్త సీసాలో ఉప్పునీళ్లు కలిపి, ఫ్రిజ్‌లో విడిగా దాచుకున్న తోడు కాస్త వేసి ఇచ్చి, "మళ్ల పెంచు. పెరిగితే మాట్లాడుదాం" అన్నారు.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి ఏడ్చాను: "బాపూ, పురుగులన్నిట్ని చంపిన."

"మందు గొట్టినవా?"

"లే, మంచినీళ్లు పోసిన."

"మంచినీళ్లకు సచ్చే పురుగులా! జర గవి మన చేన్లకు పంపరాదా బిడ్డా" అని పగలబడి నవ్వాడు. ఏడుస్తూనే నేనూ నవ్వేశాను.

వారాలు గడిచాయి. రోజూ సీసా ముందు నిలబడి బతిమాలుకునేదాన్ని. ఒక పొద్దున నీళ్లకు లేత గులాబీ రంగొచ్చింది. ఈసారి ఉప్పునీళ్లతోనే కడిగి చూపించాను. మేడం మైక్రోస్కోపు మీద వంగి చాలాసేపు చూసి, తలెత్తకుండానే ల్యాబు తాళంచెవి నా వైపు జరిపారు.

ఇప్పుడు నా ల్యాబులోనూ పిల్లలు ప్రాజెక్టులు చేస్తున్నారు. నెలల కష్టాన్ని ఒక్క పూటలో పాడుచేసి, తల వంచుకుని వచ్చి నిలబడతారు. కోపం నోటిదాకా వస్తుంది. అప్పుడు కోట్ల ప్రాణాలకు జాలిపడి స్నానం చేయించి చంపిన ఆ పిచ్చిపిల్ల మీద నవ్వొచ్చి, "కూసో, ఏమైందో చెప్పు" అంటాను.